వ్యాను కప్పు మీద ముగ్గురు

అత్తగారిని ఆవిడ కొడుకు ఇంటికి దింపి రావడానికి రైలుంది, బస్సుంది. పొద్దున్నే ఎక్కితే దీపాలు పెట్టే వేళకి చేరుస్తాయి. అయినా పళ్ళ మేస్త్రి తన పాత వ్యానే తీశాడు. పెద్ద రోడ్డు వదిలేసి, సముద్రాన్ని ఒరుసుకుంటూ వంకర్లు పోయే దారి పట్టాడు. గుడారం, గాలాలు, గ్యాసు పొయ్యి, మడత కుర్చీలు, చాపలు అన్నీ ఎక్కించాడు. "సెలవులు కదా, పిల్ల చేపలు పడతానంటోంది" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాడు. అసలు సంగతి అది కాదు. ఒక్క రోజులో అయిపోయే ప్రయాణాన్ని వారానికి సాగదీస్తే, ఆవిడ ఇంకో వారం తమతో ఉంటుంది. అంతే.

పళ్ళ మేస్త్రి అన్నది దంతాసుపత్రుల వాళ్ళు ముద్దుగా పెట్టిన పేరు. ఊళ్ళోని డాక్టర్లందరికీ కట్టుడు పళ్ళు చేసిచ్చేది అతనే. ఇంటి వెనక గదిలో అరల నిండా ప్లాస్టరు దవడలు. మైనంతో పన్ను చెక్కడం, అచ్చు పోయడం, అరగదీసి మెరుగు పెట్టడం అతని పని. పొద్దస్తమానం నోళ్ళతోనే పని గానీ, మాట్లాడే నోరు ఒక్కటీ ఆ గదిలోకి రాదు. ఆ అలవాటో ఏమో, అతనికీ మాట పెగలడం తక్కువ.

అత్తగారు అందుకు సరిగ్గా ఎదురు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఊరి మాటలన్నీ ఈ చెవి నుంచి ఆ చెవికి కలిపిన మనిషి. కూతురు పోయినప్పుడు, పిల్ల కాస్త తేరుకునేదాకా ఉందామని ఒక్క సంచీతో వచ్చింది. ఆ సంచీ మళ్ళీ సర్దుకోలేదు. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో పొద్దున్నే రేడియో పెట్టేదీ, పిల్ల జడ వేసేదీ, మేస్త్రి అన్నానికి లేవకపోతే వెనక గది తలుపు మీద గరిటెతో కొట్టేదీ ఆవిడే.

ఇప్పుడు ఆవిడ కోడలికి నెలలు నిండుతున్నాయి. "ఇంకెన్నాళ్ళమ్మా బావ వాళ్ళింట్లో? ఇక వచ్చెయ్. నీ గది రంగు కూడా వేయించాను" అని కొడుకు ఫోను చేశాడు. ఆవిడ ఫోను స్పీకరులో పెట్టి వింటోంది. వెనక గదిలో పన్ను అరగదీస్తున్న మేస్త్రికి ఆ మాట వినపడింది. మిషను ఆపాడు. మళ్ళీ వేశాడు. అప్పుడు ఆవిడ "సరేలే" అంది. కూతురే లేని ఇంట్లో ఉండండని అత్తగారిని అడగడానికి అల్లుడెవరు? కన్నకొడుకు పిలుస్తుంటే అడ్డం పడటానికి అతనికేం హక్కుంది? ఉందామని ఆవిడకుంటే ఆవిడే చెప్పదా?

అతని కూతురికి పదమూడేళ్ళు. పలచగా, చురుగ్గా ఉంటుందని అందరూ పిట్ట అంటారు. దానికి మాత్రం ఈ మర్యాదలేవీ పట్టవు. మొదటి రోజు పెట్రోలు బంకులో, అమ్మమ్మ మొహం కడుక్కోవడానికి వెళ్ళిన సందు చూసి తండ్రి మీద పడింది.

"నాన్నా, నువ్వు అడగవు. ఆవిడ చెప్పదు. మధ్యలో నన్ను చంపుకు తింటున్నారు."

"ఏమని అడగనే?"

"ఉండిపొమ్మని. రెండు మాటలు. దానికి కూడా అచ్చు పోయాలా?"

"ఆవిడ కొడుకు ఉన్నాడమ్మా అక్కడ."

"ఇక్కడ నేను లేనా?" అంది పిట్ట. తర్వాత ఆ పూటంతా మాట్లాడలేదు. పూట అంటే దాని లెక్కలో గంటే, కానీ ఆ గంట చాలా పొడుగ్గా గడిచింది.

*

దారి మాత్రం వాళ్ళని కరుణించింది. ఎడమ చేతి పక్కన కొబ్బరి తోటలు, కుడి చేతి పక్కన సముద్రం. మధ్య మధ్య మడ అడవులు. బురదలోంచి పైకి లేచిన వేళ్ళ మధ్య చేపల్లాంటివి పాకుతూ, గెంతుతూ కనిపించాయి. ఒకచోట రోడ్డు నీళ్ళలోకి దిగి మాయమైపోయింది. అవతలి నుంచి బల్లకట్టు వచ్చి వ్యానుని ఎక్కించుకుపోయింది. ఒక మధ్యాహ్నం గుడారం మేకులు కొట్టేదాకా ఆగి, ఆఖరి తాడు బిగించగానే వాన మొదలైంది. "ఎంత మర్యాదస్తురాలో చూశారా" అంది అత్తగారు వాననుద్దేశించి. ఇంకోచోట, ఎవరూ లేని ఇసుక తీరంలో, ఎవరో ఎప్పుడో వేయించిన కుళాయి తిప్పితే మంచినీళ్ళొచ్చాయి. మేస్త్రి ఇలాంటివి చూసి మనసులో దాచుకుంటాడు. భార్య పోయాక నేర్చుకున్న విద్య అది. పెద్దవి పోయిన ఇంట్లో చిన్నవే దీపాలు.

చేపల సంగతి వేరు. పిట్ట కోసం అతను తన గదిలో, పళ్ళు చేసే తెల్లటి పదార్థంతోనే వేలెడంత చేపపిల్లల బొమ్మలు చేశాడు. పొలుసులు చెక్కి, నిజం పళ్ళలాగే మెరుగు పెట్టాడు. వాటిని గాలానికి కట్టి లాగుతుంటే పెద్ద చేప ఎర అనుకుని పట్టుకోవాలి.

"చేపలకి కూడా పళ్ళసెట్లు పెడుతున్నారా అల్లుడు గారూ?" అంది అత్తగారు మొదటి రోజే.

ఆ మాట తగిలిందో ఏమో, దారి పొడుగునా ఒక్క చేప కూడా వాటి జోలికి రాలేదు. పక్కన పచ్చి రొయ్య ముక్క గుచ్చుకుని కూర్చున్న అత్తగారికి మాత్రం రోజూ పడ్డాయి. పిట్ట గాలం లాగి చూసుకుని, "చూసి నవ్వి పోతున్నట్టున్నాయి" అనేది. "నవ్వనీవే. పళ్ళు బాగున్నాయని నవ్వుంటాయి" అనేది అమ్మమ్మ.

అలా నవ్వుకుంటూనే వచ్చారు. కానీ ప్రతి మజిలీలోనూ గుడారం మడిచేటప్పుడు మేస్త్రి చేతులు మెల్లగా కదిలేవి. ఆవిడ కొడుకు ఊరు ఒక మజిలీ దగ్గరపడినట్టే కదా.

*

రేపు ఆవిడ కొడుకు ఇల్లు చేరతారనగా, మిట్టమధ్యాహ్నం వాళ్ళొక చోట ఆగారు. రోడ్డు పక్క ముళ్ళపొదల ఇసుక దిబ్బ. దిబ్బ దిగితే లోతు తక్కువ కాలవలాంటి ఎండు పల్లం. అది దాటితే కనుచూపు మేర చదునైన ఇసుక. మనిషి లేడు, ఇల్లు లేదు, అడుగు జాడ లేదు. దూరాన, ఎవరో చాక్‌పీసుతో గీసినట్టు సన్నటి తెల్లటి గీత. అదీ సముద్రం. మధ్యలో అక్కడక్కడా నేలకి అంటుకుని పొట్టిగా, ముదురాకుపచ్చగా ఒక రకం గడ్డి.

మేస్త్రి ఊరు మిట్ట ప్రాంతంలో ఉంటుంది. అక్కడి నది ఏడాదిలో ఎనిమిది నెలలు ఎండే ఉంటుంది. పిల్లలు అందులో బంతాట ఆడతారు, లారీలు నడుస్తాయి, పెళ్ళిళ్ళకి షామియానాలు కూడా వేస్తారు. వానాకాలం దాకా దానికేం భయం లేదు. అందుకని ఈ చదునంతా చూడగానే అతనికి ఇదొక ఎండిన నది అనిపించింది. అయినా జాగ్రత్తపరుడు. వ్యాను దిగి, వంగి, ప్లాస్టరు గట్టిపడిందో లేదో చూసినట్టుగా బొటనవేలితో ఇసుకని నొక్కాడు. వేలు దిగలేదు. నాలుగు చోట్ల నొక్కాడు. ఎక్కడా దిగలేదు.

"మన ఊళ్ళో లాగే ఎండిన నది. బ్రహ్మాండంగా గట్టిపడింది. వ్యానుతోనే లోపలికి పోవచ్చు" అన్నాడు.

అంత గట్టిగా ఎవరు తొక్కి ఉంటారన్న ఆలోచన మాత్రం రాలేదు. ఆటుపోట్లు అన్న మాట బళ్ళో చదువుకున్నదే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. కానీ అది తన వ్యాను చక్రాలకి సంబంధించిన మాట అని అతనికి తట్టలేదు.

పల్లం దాటించి, ఇసుక కాస్త ఎత్తుగా ఉన్న చోట వ్యాను ఆపాడు. పడవలు కట్టుకోవడానికి ఎవరో ఎప్పుడో పాతిన కొయ్య గుంజ ఒకటి అక్కడ ఒంటరిగా నిలబడి ఉంది. వ్యాను నీడలో అత్తగారికి కుర్చీ వేశాడు. బ్రెడ్డు, ఉడికించిన గుడ్లు తిన్నారు. ఆవిడ కునుకు తీసింది. తండ్రీ కూతుళ్ళు గాలాలు తీసుకుని తెల్లగీత వైపు నడిచారు. ఎంతకీ రాదు ఆ సముద్రం. వచ్చాక చూస్తే మోకాలి లోతు, అద్దంలా ఉంది. పిట్ట గాలం విసిరింది. గాలానికి కట్టిన బెండు కాసేపు నీళ్ళ మీద నిలకడగా తేలింది. తర్వాత మెల్లగా కదిలింది.

"నాన్నా! పడింది!"

"లాగు, లాగు!"

పిట్ట లాగలేదు. మొహం చిట్లించి చూస్తోంది. బెండు సముద్రంలోకి పోవడం లేదు. వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి, వాళ్ళని దాటుకుని, ఒడ్డు వైపు పోతోంది.

"చేప కాదు నాన్నా. నీళ్ళే పోతున్నాయి. మన వ్యాను వైపు."

మేస్త్రి వెనక్కి తిరిగి చూశాడు. ఇందాక నడిచొచ్చిన ఇసుక మీద ఎండ తళతళలాడుతోంది. తడి ఇసుక మీద అలా తళతళలాడదు. అప్పుడు పరిగెత్తారు.

నీళ్ళు చప్పుడు చెయ్యలేదు. కెరటం లేదు, హోరు లేదు. ఇల్లు ఊడ్చాక తడిగుడ్డ పెట్టినట్టు నేలని కప్పుకుంటూ వచ్చేస్తున్నాయి. వాళ్ళు వ్యాను చేరేసరికి పిక్కల దాకా ఉన్నాయి. అత్తగారు కుర్చీ పక్కన నిలబడి ఉంది, చెప్పులు చేతిలో పట్టుకుని.

"అల్లుడు గారూ, మీ నదికి నీళ్ళొచ్చాయి" అంది.

మేస్త్రి వ్యాను ఎక్కి తాళం తిప్పాడు. చక్రాలు గిర్రున తిరిగాయి, అక్కడే దిగిపోయాయి. వేలు దిగని ఇసుక, నీళ్ళు తగలగానే నానిన అటుకుల్లా అయిపోయింది. దిగి దిబ్బ వైపు పరిగెత్తాడు. మధ్యాహ్నం దాటొచ్చిన పల్లం ఇప్పుడు పల్లం కాదు, పారే ఏరు. నాలుగడుగులు వేసేసరికి నీళ్ళు ఛాతీకొచ్చి, కాళ్ళని పక్కకి ఈడ్చాయి. తనొక్కడైతే ఈదేవాడేమో. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, ఈత రాదు. పిట్టకి ఈత స్విమ్మింగ్ పూల్ వరకే వచ్చు. వెనక్కి వచ్చాడు. వాళ్ళిద్దరూ తన మొహం వైపే చూస్తున్నారు. చెప్పాల్సిన పని లేకపోయింది.

"పైకి ఎక్కాలి" అన్నాడు.

వ్యాను వెనక సామాను కోసం బిగించిన నిచ్చెన ఉంది. పిట్ట కోతిపిల్లలా ఎక్కేసి, చాపలూ నీళ్ళ సీసాలూ అందుకుంది. అత్తగారి దగ్గరే చిక్కొచ్చింది. కింది మెట్టు ఆవిడ నడుము దాకా ఉంది.

"నా భుజం మీద కాలు పెట్టండి" అన్నాడు మేస్త్రి, వంగి.

"అయ్యో, అల్లుడి భుజం మీద కాలా! నోరెట్లా వచ్చింది మీకు?"

"పెట్టండి అత్తయ్యా. ఇంకో అల్లుడు దొరికేదాకా సముద్రం ఆగేట్టు లేదు."

పిట్ట పైన్నుంచి కిసుక్కున నవ్వింది. ఆవిడా నవ్వింది. ఆ నవ్వులోనే కాలు పెట్టింది. ఆవిడ బరువు భుజం మీద పడ్డప్పుడు మేస్త్రికి ఆశ్చర్యమేసింది, ఇంత తేలిగ్గా ఉందేమిటి ఈవిడ అని. తలుపుల్ని గరిటెతో బద్దలు కొట్టే మనిషి, ఎత్తితే పిడికెడు.

*

ముగ్గురూ కప్పు మీద చాప పరుచుకుని కూర్చున్నారు. కింద నీళ్ళు చక్రాలు మింగి, తలుపుల్ని మింగడం మొదలుపెట్టాయి. పిట్ట నవ్వు ఆగిపోయింది. అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, ఎందాకా వస్తాయి?"

మేస్త్రికి తెలియదు. తెలియని సంగతికి తియ్యటి అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు. తన వేలు నమ్మి వీళ్ళిద్దరినీ తెచ్చి ఇక్కడ నిలబెట్టాడు. ఎటు చూసినా నీళ్ళే. చూపు ఆనడానికి ఏదైనా దొరుకుతుందా అని వెతికాడు. కొయ్య గుంజ కనిపించింది.

గుంజ కింది భాగమంతా తెల్లటి గవ్వల్లాంటివి దట్టంగా అంటుకుని గరుకుగా ఉంది. ఒక ఎత్తుకి వచ్చాక, గీత గీసినట్టు అవి ఆగిపోయాయి. ఆ పైన కొయ్య ఎండి, తెల్లబడి, నున్నగా ఉంది. మేస్త్రి ఊపిరి వదిలాడు. ఇది అతనికి తెలిసిన గీతే. రోజూ చూసేదే.

"పిట్టా, ఆ గుంజ చూడు. పళ్ళకి గార పట్టినట్టు లేదూ? గార ఎక్కడ పడుతుంది? ఉమ్మి నిలిచే చోట. నీళ్ళు రోజూ అక్కడిదాకే వస్తాయి. ఆ గీత మన కప్పుకి ఎంత కిందికుందో చూడు."

పిట్ట కళ్ళతో కొలిచింది. గుంజ నుంచి వ్యానుకీ, వ్యాను నుంచి గుంజకీ. "మన కాళ్ళ కిందే ఆగాలి" అంది.

"ఆగుతాయి."

"సముద్రానికి గార పట్టిందని కనిపెట్టారు" అంది అత్తగారు. "ఇక అది కూడా మీ దగ్గరికే వస్తుంది, పళ్ళు కట్టించుకోవడానికి."

నవ్వారు గానీ ముగ్గురి కళ్ళూ గుంజ మీదే ఉన్నాయి. నీళ్ళు గవ్వల్ని ఒక్కొక్క వరసే కప్పుకుంటూ ఎక్కాయి. కిటికీ అద్దాల అంచుకి వచ్చాయి. గీతకి జానెడు దూరం. బెత్తెడు. తర్వాత ఎక్కడం కనిపించలేదు. ఎంతసేపు చూసినా గీత అలాగే ఉంది.

అప్పుడు గానీ వాళ్ళు తలెత్తి చూడలేదు.

గాలి పడిపోయింది. నీళ్ళలో ఒక్క ముడత లేదు. ఆకాశం కిందికి దిగి పరుచుకుంది. మేఘాలు పైనా ఉన్నాయి, కిందా ఉన్నాయి. మధ్యలో, దేనికీ అంటుకోకుండా, ఒక చాప, ముగ్గురు మనుషులు. దిబ్బ ఎటో దూరంగా పోయింది. వ్యాను ఉన్నట్టే లేదు. పిట్ట నోరు తెరిచింది, ఏదో అనబోయింది, మూసేసింది. ఆ పిల్ల మాట మింగడం మేస్త్రి ఎప్పుడూ చూడలేదు.

కింద వేలెడు చేపలు మందగా వచ్చాయి. వ్యాను దగ్గర రెండు పాయలుగా చీలి, దాటాక మళ్ళీ కలిశాయి. వాటి నీడలు ఇసుక మీద పరిగెత్తాయి. తర్వాత దుప్పటి ఎగరేసినట్టు రెక్కలు అల్లార్చుకుంటూ ఒక వెడల్పాటి చేప జారిపోయింది, దాని వెనక ఇంకొకటి.

ఆ తర్వాత వినిపించింది. ఎవరో దగ్గర్లోనే, అలిసిపోయిన మనిషి గుమ్మంలో కూర్చుని విడిచినట్టు, ఊపిరి విడిచారు.

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను కాదంటే నేను కాదన్నట్టు.

మళ్ళీ వినిపించింది. ఈసారి కనిపించింది. పది అడుగుల దూరంలో, నీళ్ళలోంచి గుండ్రటి ముక్కు పుటాలు రెండు తెరుచుకుని, ఊపిరి తీసుకుని, మూసుకున్నాయి. వాటి వెనక బూడిద రంగు వీపు. ఎనుబోతంత వీపు. అది ఏ తొందరా లేకుండా కిందికి వంగింది. గడ్డి ఉన్న వైపు మెల్లగా వెళ్ళి, నేల మీద మూతి ఆనించింది. బురద పొగలా లేచింది.

"మేస్తోంది" అని గుసగుసలాడింది అత్తగారు. "అల్లుడు గారూ, అది మేస్తోంది. ఆవులాగా."

ఇంకో ఊపిరి అటు పక్క. ఇంకోటి వెనక. తిరిగిన ప్రతి వైపూ వీపులు లేస్తున్నాయి, మునుగుతున్నాయి. ఒకదాని పక్కన చిన్నది ఉంది, తల్లిని ఒరుసుకుంటూ, తల్లి ఊపిరి తీసుకున్నప్పుడే తనూ తీసుకుంటూ. వాటి పేరేమిటో మేస్త్రికి తెలియదు. ఎవరూ చెప్పకపోవడమే మంచిదనిపించింది. ఆ ఎండు మైదానం, బొటనవేలితో నొక్కి తను తనిఖీ చేసిన ఆ నేల, వీటి మేత బీడు. రోజూ నీళ్ళతో పాటు వచ్చి, నీళ్ళతో పాటు పోయే మంద. తాము వ్యాను పెట్టింది వాటి దారి మధ్యలో.

తల్లి, పిల్ల వ్యాను పక్క నుంచే వెళ్ళాయి. తల్లి కన్ను నీళ్ళ లోపలి నుంచి పైకి చూసింది. చిన్న కన్ను. అందులో కోపం లేదు, భయం లేదు. ఇదేదో కొత్తగా ఉందే అన్నంత మాత్రమే ఉంది. చూసింది, సర్దుకుంది, పక్క నుంచి పోయింది.

మేస్త్రి చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. ఇంత పెద్ద ప్రాణులు ఇంత మెత్తగా బతుకుతున్నాయని, ఇన్నాళ్ళూ తనకి తెలియకుండా బతికాయని, తను చేసిన తప్పుకి శిక్ష పడాల్సిన చోట ఇది చూపించారని అతనికి గుండె నిండిపోయింది. ఎవరు చూపించారో తెలియదు. పక్కకి చూస్తే అత్తగారి చెంపలు తడిసి ఉన్నాయి. తుడుచుకోవడం లేదు.

చాలాసేపటికి ఆవిడే మాట్లాడింది, నీళ్ళ వైపు చూస్తూనే. "రేపు ఈపాటికి మా వాడింట్లో ఉంటాను. ఇది చెబితే వాడు చచ్చినా నమ్మడు."

రేపు అన్న మాట ఆ నిశ్శబ్దంలో గులకరాయిలా పడింది. మేస్త్రి నోరు తెరిచాడు. మామూలుగా అయితే అక్కడ మిషను వేసుకునేవాడు. కప్పు మీద మిషను లేదు. లేచి పోవడానికి వెనక గది కూడా లేదు. చుట్టూ ఊపిరి తీసుకుంటున్న ప్రాణులు తప్ప ఏమీ లేవు.

"వెళ్ళకండి అత్తయ్యా" అన్నాడు.

పిట్ట బిగుసుకుపోయింది. అమ్మమ్మ తల తిప్పలేదు.

"అడిగే హక్కు లేదని తెలుసు. మీ అబ్బాయి ఉన్నాడు. అయినా అడుగుతున్నా. మీరు లేకపోతే ఆ ఇంట్లో నాకు... పిల్ల కోసం కాదు. పిల్ల కోసం కూడా. నాకు ఉండాలనుంది, మీరు."

అంత పొడుగు మాట అతని నోట ఆవిడ ఎప్పుడూ వినలేదు. కొంగుతో చెంపలు తుడుచుకుంది.

"ఈ మాటేదో ఇల్లు కదలకముందు చెప్తే, సామాను సర్దే శ్రమన్నా తప్పేది కదండీ."

"అమ్మమ్మా!" అంది పిట్ట.

"నువ్వుండవే." ఆవిడ అల్లుడి వైపు తిరిగింది. "అల్లుడు గారూ, నా ఉద్యోగమేంటో మీకు తెలుసు. అవతలి వాళ్ళు మాట్లాడేదాకా లైను పట్టుకు కూర్చోవడం. మనంతట మనం దూరి మాట్లాడకూడదు, మనంతట మనం కట్ చెయ్యకూడదు. వాడు ఫోను చేసిన రోజున మీ మిషను ఆగింది. విన్నాను. వస్తున్నారు, ఏదో అంటారు అనుకుని ఆగాను. మళ్ళీ మిషను మోగింది. సరే, ఈ ముసలావిడ ఎప్పుడు కదులుతుందా అని ఉందేమో పాపం, నేనుంటే ఆ ఇంటికి ఇంకో మనిషి రావాలన్నా మొహమాటమేమో అనుకున్నా. అందుకే సరేలే అన్నా."

"నేను అలా..."

"అనుకోలేదు. ఇప్పుడు తెలిసింది." ఆవిడ ఒక వీపు మునిగేదాకా చూసి అంది. "కానీ నేను వెళ్ళాలి. మా కోడలికి తల్లి లేదు. తొలికాన్పు. మాటిచ్చాను."

మేస్త్రి తల ఊపాడు. పిట్ట కళ్ళు నీళ్ళతో నిండాయి.

"బిడ్డ మెడ నిలబెట్టేదాకా ఉంటాను. మూడు నెలలో, నాలుగు నెలలో. ఆ తర్వాత మీరొచ్చి తీసుకెళ్ళండి."

"వస్తాను" అన్నాడు మేస్త్రి. మళ్ళీ అన్నాడు, "వస్తాను."

"వ్యాను కాదులే. రైల్లో రండి."

పిట్ట ఏడుస్తూ నవ్వింది. ఆ చప్పుడుకి దగ్గర్లో ఒక ముక్కు పైకి లేచి, వాళ్ళ వైపే ఊపిరి వదిలి, మునిగింది. గడ్డి వాసన వచ్చింది, పచ్చిగా, ఉప్పగా.

*

వచ్చినంత నిశ్శబ్దంగానే నీళ్ళు వెనక్కి తిరిగాయి. మంద కూడా నీళ్ళ వెంటే, ఒక్కొక్కటిగా, చాక్‌పీసు గీత వైపు వెళ్ళిపోయింది. పొద్దు వాలుతుండగా వాళ్ళు కిందికి దిగారు. ఈసారి అల్లుడి భుజం మీద కాలు పెట్టడానికి ఆవిడ ఆలోచించలేదు.

వ్యానులో సీట్ల మీద ఇసుక, ఒక పీత. తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. రాత్రికి సముద్రం మళ్ళీ వస్తుంది. వ్యానుని దానికే వదిలేసి, పొద్దున ఎవరినైనా ట్రాక్టరు అడగాలి. మోయగలిగింది మోసుకుని దిబ్బ వైపు నడిచారు. దారిలో పిట్ట ఆగి, "ఇటు చూడండి" అంది.

గడ్డి మీద చారలు. మనిషి చాచిన చేతులంత దూరం వంకర తిరిగే చారలు, ఒకదాన్నొకటి దాటుకుంటూ, ఎక్కడా తొందర లేకుండా. అవి మేసిన దారులు. ఒక వెడల్పాటి చార పక్కనే సన్నటిది ఒకటి, అది వంగిన చోటల్లా వంగుతూ సాగింది. ముగ్గురూ దాని మీద అడుగు పడకుండా పక్కనే నడిచారు.

దిబ్బ మీద అత్తగారి ఫోనుకి ఒక్క గీత సిగ్నలు దొరికింది. కొడుక్కి కలిపింది.

"ఒరేయ్, రేపు రావడం లేదురా. ఎల్లుండో ఆ తర్వాతో. లేదు లేదు, అందరం క్షేమం. బండి సముద్రంలో ఉంది... అవునురా, సముద్రంలోనే... అరవకు, చెప్తా. కోడలికి చెప్పు, కాన్పుకి నేనుంటానని. బిడ్డ మెడ నిలిపేదాకా ఉంటాను. తర్వాత మా ఇంటికి వెళ్ళిపోతాను." ఆగింది. "మా ఇల్లంటే ఏ ఇల్లేమిట్రా? నాకు ఎన్ని ఇళ్ళున్నాయి?"

అవతల కొడుకు గట్టిగానే ఏదో అంటున్నాడు. రంగు వేయించిన గది మాట వచ్చినట్టుంది. ఆవిడ కాసేపు విని, కళ్ళు మూసుకుని, "బంగారం, నాకు తెలుసురా" అంది. తర్వాత ఫోను మేస్త్రి చేతికిచ్చింది.

"మీరే చెప్పండి వాడికి. నేను లైను కలిపాను, అంతవరకే."

మేస్త్రి ఫోను చెవికి పెట్టుకున్నాడు. చెయ్యి ఇంకా తడిగా ఉంది. దూరంగా, వెళ్ళిపోతున్న నీళ్ళ అంచులో, ఎవరో పెద్దగా ఊపిరి తీసుకున్నారు.

"బావమరిదీ" అన్నాడు, "కాస్త కూర్చుని విను. చాలా చెప్పాలి."